తెలుసు అందరికీ... పట్టింపు కొందరికే!

ఏం చెల్లీ, పిల్లలు బడికీ, మీ ఆయన ఆఫీసుకీ వెళ్లిపోయుంటారు. కాస్త తీరిక చిక్కింది కదూ! అయితే రా, ఇలా కూర్చో. ఇవాళ ఓ పెద్ద సంగతే మాట్లాడుకుందాం. పెద్ద సంగతని కంగారుపడకు. మనం వంటింట్లో, వాకిట్లో, ఫోన్లో రోజూ అనుకునేదే. "అంత చదువుకున్నవాడు ఆ పని ఎలా చేశాడే?" అని ఒకరి గురించి ముక్కున వేలేసుకుంటాం. "రోజుకూలికి వెళ్లే మనిషి, దొరికిన గొలుసు వెతుక్కుంటూ వచ్చి మరీ ఇచ్చిందట!" అని ఇంకొకరి గురించి ఆశ్చర్యపోతాం. ఒక తల్లి కడుపున పుట్టి, ఒక కంచంలో తిని పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు కొట్లో పదిరూపాయలు ఎక్కువొస్తే వెనక్కెళ్లి ఇచ్చొస్తాడు. రెండోవాడు అదృష్టం అనుకుని జేబులో వేసుకుంటాడు. ఎందుకిలా? నీతంటే కొందరికి ప్రాణం, కొందరికి పండగనాటి పట్టుచీర. ఈ తేడా ఎక్కణ్ణించి వస్తుంది?

తెలియక అనుకుందామా? కాదు. సుమతీ శతకం, వేమన పద్యాలు నాలుగన్నా వల్లె వెయ్యకుండా మన బళ్లలో ఎవరం పెరిగాం? అబద్ధమాడకూడదనీ, పరుల సొమ్ము ముట్టకూడదనీ అయిదో ఏటికే అందరికీ నోటికొచ్చేస్తుంది. దొంగతనం తప్పని దొంగకీ తెలుసు, తెలియకపోతే చీకటి పడేదాకా ఎందుకు ఆగుతాడు? లంచం తీసుకునేవాడికీ తెలుసు, లేకపోతే ఆ డబ్బు వాకిట్లో అందరి ముందే లెక్కపెట్టుకునేవాడు. తెలియడంలో మనుషులకి అంత తేడా లేదు చెల్లీ. ఉన్నదంతా పట్టింపులో. తెలిసినదాన్ని ఒకరు తమదిగా పట్టించుకుంటారు, ఇంకొకరు ఊళ్లోవాళ్ల వ్యవహారంలా చూసి పక్కకి తప్పుకుంటారు. ఆ పట్టింపు ఎలా పుడుతుందో, ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ అరిగిపోతుందో ఒకసారి నెమ్మదిగా చూద్దాం.

ముందు మనింట్లోంచే మొదలెడదాం. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని సందు చివర కిరాణా కొట్టుకి పంపావనుకో. అరకిలో కందిపప్పు, ఓ పాల ప్యాకెట్టు. కొట్లో నలుగురున్నారు, ఆ హడావుడిలో కొట్టావిడ చిల్లర లెక్క తప్పి యాభై రూపాయలు ఎక్కువిచ్చేసింది. వాడు పరుగున ఇంటికొచ్చి గుప్పిట తెరిచి సంబరంగా చూపించాడు. అప్పుడు అమ్మ ఏమంటుంది? ఒకమ్మ, "పోన్లే, మొన్న తూకంలో మనకి తగ్గించిందిగా, చెల్లుకి చెల్లు" అంటుంది. ఇంకో అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి "దొంగవెధవా, ఇచ్చేసి రా ఫో" అంటుంది. మరో అమ్మ, "ఎవరైనా చూస్తే పోలీసులు పట్టుకుపోతారురా" అని బెదిరిస్తుంది. నాలుగో అమ్మ వాడి పక్కన కూర్చుని, "రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు ఆవిడ డబ్బు లెక్కపెట్టుకుంటుంది కదా నాన్నా. యాభై తక్కువొస్తే ఎక్కడ పోయిందోనని ఎంత వెతుక్కుంటుందో! పొద్దుట్నించి నిలబడితే ఆవిడకి మిగిలేదే కాస్త. పద, ఇద్దరం వెళ్లి ఇచ్చేసొద్దాం" అంటుంది.

నలుగురు పిల్లల చేతుల్లోనూ ఉన్నది అదే యాభై. కానీ వాళ్లు నేర్చుకున్నది ఒకటేనా? మొదటివాడు తప్పుకి సాకు వెతుక్కోవడం నేర్చుకున్నాడు. రెండోవాడికి దెబ్బ గుర్తుంటుంది, ఎందుకు తిన్నాడో గుర్తుండదు. మూడోవాడికి దొరక్కుండా ఉంటే చాలని అర్థమైంది. నాలుగోవాడికి మాత్రం కొట్టావిడ ముఖం కనిపించింది. పెద్దయ్యాక వాడి ముందుకి యాభై వేల రూపాయలు ఎవరైనా తోసినా, ఆ డబ్బు వెనకాల ఓ మనిషి ముఖం వెతుక్కునే అలవాటు వాడికి పడిపోయింది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. మార్టిన్ హాఫ్‌మన్ అని అమెరికాలో ఓ మనస్తత్వశాస్త్రవేత్త ఉండేవాడు. జీవితమంతా ఈ విషయమే పట్టుకుని పనిచేశాడు. 1967లో తోటి పరిశోధకుడితో కలిసి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. నువ్వు చేసినదానివల్ల అవతలివాళ్లకి ఏమైందో చూడు అని విడమరచి చెప్పే తల్లుల పిల్లల్లో, ఎవరూ చూడకపోయినా తప్పుచేస్తే లోపల కలుక్కుమనే గుణం ఎక్కువగా కనిపించింది. ఊరికే కొట్టి, కసిరి దారిలో పెట్టాలనుకునే ఇళ్లలో అది తక్కువ. అంటే చెల్లీ, తప్పు దొరికిన ఆ రెండు నిమిషాల్లో మన నోట ఏ మాటొస్తుందన్నది బళ్లో చెప్పించిన వంద నీతిపద్యాలకంటే ఎక్కువ పనిచేస్తుందన్నమాట.

దీనికి సాక్ష్యం ఎక్కడో పోలండ్ నుంచి కూడా ఉంది, విను. 1942లో నాజీలు అక్కడి బోబోవా అనే ఊళ్లో యూదుల్ని లారీలకెక్కించి తీసుకెళ్లి చంపేశారు. శామ్యూల్ ఒలీనర్ అనే 12 ఏళ్ల పిల్లాడు మాత్రం ఇంటికప్పు మీద దాక్కుని బతికిపోయాడు. ఇంట్లోవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ పిల్లాడు నడుచుకుంటూ వెళ్లి బల్వినా అనే ఓ రైతుకుటుంబం ఆడమనిషి తలుపు తట్టాడు. ఆమె క్రైస్తవురాలు, వాళ్ల నాన్నకి తెలిసున్నావిడ. యూదుల్ని దాచినవాళ్లకి మరణశిక్షే అని ఆ రోజుల్లో అక్కడ శాసనం. ఆమెకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. అయినా లోపలికి రమ్మంది, అన్నం పెట్టింది, వాడికి కొత్త పేరు పెట్టి, క్రైస్తవ ప్రార్థనలు నేర్పి, ఎవరూ అనుమానించకుండా ఓ చోట పనికి కుదురుకునేలా చేసింది. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్న ఊళ్లోనే ఆమె తలుపు తెరిచింది.

ఆ పిల్లాడు పెరిగి అమెరికా వెళ్లి సమాజశాస్త్రం ప్రొఫెసరయ్యాడు. అందరూ ఊరుకున్నప్పుడు ఆమె ఒక్కర్తే ఎందుకు తలుపు తీసిందన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. భార్య పెర్ల్‌తో కలిసి, యుద్ధకాలంలో యూదుల్ని కాపాడిన 400 మందికి పైగా మనుషులతోనూ, అవే ఊళ్లలో ఉండి ఏ సాయమూ చెయ్యనివాళ్లతోనూ గంటలకొద్దీ మాట్లాడించారు. 1988లో పుస్తకం వేశారు. దైవభక్తి ఎవరికెక్కువ, ఎవరికి తక్కువ అన్న లెక్కలో ఆ రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. తేడా వచ్చింది పెంపకంలో. కాపాడినవాళ్ల ఇళ్లలో పిల్లలకి దెబ్బలు తక్కువ, కారణం చెప్పి మాట్లాడటం ఎక్కువ. మనవాళ్లే కాదు, ఎవరైనా మనుషులేనని చిన్నప్పట్నించీ విని పెరిగారు. వాళ్లలో చాలామంది తాము గొప్ప పని చేశామని అనుకోనేలేదు. తలుపు ముందు మనిషి నిలబడితే తియ్యక ఏం చేస్తామన్నదే వాళ్ల ధోరణి.

మరి అంతా పెంపకమే అయితే ఒకే ఇంట్లో పిల్లలు ఎందుకు తేడాగా ఉంటారని నువ్వడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. కొంత పుట్టుక ఉంది. ఎదుటివాళ్లు ఏడిస్తే తానూ బిక్కమొహం వేసే పిల్లలు ఉయ్యాల్లోనే కనిపిస్తారు. కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా ఎదుటివాళ్ల బాధకి కరిగే గుణం కొంతమేర పుట్టుకతో వస్తుందనే చెబుతున్నాయి. కానీ కొంతమేరే సుమా! మిగతాది ఇంట్లో ఎవరికి ఏ బాధ్యత దక్కిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. పెద్దపిల్లకి తాళాలగుత్తి ఇచ్చి, పాలవాడి లెక్క అప్పగించి, "ఇది నువ్వు చూసుకుంటే నాకు బెంగ లేదు" అంటుంది అమ్మ. ఆ నమ్మకం నిలబెట్టుకోవాలన్న తపనే ఆ పిల్లకి స్వభావమైపోతుంది. చివరిపిల్లాడికి ఎవరూ ఏదీ అప్పగించరు, వాడు ఏం చేసినా చిన్నవాడని సర్దేస్తారు. తర్వాత "వీడికి బాధ్యత లేదు" అని మనమే విసుక్కుంటాం. నమ్మి చేతిలో పెట్టకుండా నమ్మకస్తుడు ఎలా అవుతాడు చెప్పు?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పంపకూడదని చెప్పి గుమ్మం దగ్గర దుర్గాబాయిని నిలబెట్టారు. ఆవిడకి అప్పటికి 14 ఏళ్లు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టిక్కెట్టు లేదు. ఆ పిల్ల అడ్డుకుంది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి, ఎవరిని ఆపావో తెలుసా అని కోప్పడ్డారు. మీరు చెప్పినట్టే చేశానంది, అంతే. చివరికి వాళ్లు టిక్కెట్టు కొనిచ్చాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆయనకి కోపం రాలేదు సరికదా, తన పని అంత ధైర్యంగా చేసినందుకు ఆ పిల్లని మెచ్చుకున్నారు.

నెహ్రూని ఆపిన పిల్లగా ఆ కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. పద్నాలుగేళ్ల ఆడపిల్ల చేతికి ఒక గుమ్మం అప్పగించిన పెద్దలు ఉన్నారు. ఆ పిల్ల చేసింది చూసి మెచ్చుకున్న పెద్దమనిషీ ఉన్నాడు. ఆ రోజు చీవాట్లు మాత్రమే మిగిలి ఉంటే, "నిజాయితీగా ఉంటే తిట్లే" అని ఏ పిల్లకైనా మనసులో నాటుకుపోదూ? ఆ దుర్గాబాయే తర్వాత 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగసభలో కూర్చున్నారు. పిల్లలు మంచి చేసి మనవైపు చూసిన క్షణంలో మన ముఖం ఎలా ఉందన్నది చాలా ముఖ్యం చెల్లీ.

ఇలా పెరుగుతూ పెరుగుతూ కొందరిలో నీతి ఆజ్ఞలా కాకుండా తమ పేరులా అయిపోతుంది. "అలా చెయ్యకూడదు" అనేవాళ్లు వేరు, "నేనలా చెయ్యలేను" అనేవాళ్లు వేరు. కార్ల్ అక్వినో, అమెరికస్ రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో దీన్నే కొలవాలని చూశారు. దయ, నిజాయితీ, న్యాయంగా ఉండటం, కష్టపడటం, సాయపడటం వంటి తొమ్మిది గుణాలు రాసిచ్చి, ఇలాంటి మనిషిగా ఉండటం మీకు ఎంత ముఖ్యమని అడిగారు. ఆ గుణాలు చెడ్డవని ఎవరూ అనరు కదా! కానీ కొందరికి అవి లేకపోతే తాము తామే కాదన్నంత దగ్గర, కొందరికి ఉంటే మంచిదేనన్నంత దూరం. దగ్గరగా పెట్టుకున్నవాళ్లు తోటివాళ్ల కోసం పనిచెయ్యడానికి ఎక్కువగా ముందుకొచ్చారు.

మన ఎస్.ఆర్. శంకరన్ గారు అలాంటివారు. తంజావూరు ప్రాంతంలో పుట్టినా, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా మనవారైపోయారు. వెట్టిచాకిరీ చేసేవాళ్ల విడుదల కోసం, దళితుల, గిరిజనుల హక్కుల కోసం ఉద్యోగమంతా ధారపోశారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో, పింఛనులో ఎక్కువభాగం పేదపిల్లల చదువులకే ఖర్చుపెట్టేవారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో పోయారు. అలాంటి మనిషికి లంచం చూపించి మనసు మార్చాలని ఎవరైనా అనుకోగలరా? ఆయన దాన్ని గట్టి పట్టుదలతో తోసెయ్యాల్సిన అవసరం కూడా ఉండదు. ఆ దారి ఆయన ఇంటివైపు లేనేలేదు.

అయితే చెల్లీ, మనుషుల్ని నీతిపరులు, నీతిలేనివాళ్లు అని రెండు వరసల్లో నిలబెట్టేద్దామనుకోకు. అంత తేలిక కాదు. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది బడిపిల్లల్ని పరీక్షించారు. పరీక్షలో చూసి రాసే అవకాశం, ఆటలో దొంగాట ఆడే అవకాశం, డబ్బులు తీసుకునే అవకాశం, ఇలా రకరకాలుగా పెట్టి చూశారు. 1928లో అచ్చువేసిన ఫలితం చదివి అందరూ విస్తుపోయారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లే మరోచోట మోసం చేసింది. అన్నిచోట్లా మంచిగానో, అన్నిచోట్లా చెడుగానో ఉన్న పిల్లలు తక్కువే.

మన చుట్టూ చూడు, ఇదే కదా! ఆఫీసులో రూపాయి లంచం ముట్టని తండ్రి కొడుకు పెళ్లికి మాత్రం కట్నం లెక్క తేలేదాకా ముహూర్తం పెట్టనివ్వడు. 1961 నుంచీ కట్నం మీద నిషేధ చట్టం ఉందని ఆయనకి తెలియకనా? మడి కట్టుకోకుండా వంట ముట్టని ఇల్లాలు, అంట్లు తోమే అమ్మాయికి టీ మాత్రం గోడపక్కన విడిగా పెట్టిన గ్లాసులో పోస్తుంది. ఆ అమ్మాయి జ్వరంతో రెండు రోజులు రాకపోతే జీతంలో కోస్తుంది. ఆ ఇల్లాలు క్రూరురాలేం కాదు. సొంత చెల్లెలికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుంది. దయ ఉంది, న్యాయమూ తెలుసు. అవి ఎవరిదాకా వెళ్లాలో గీత గీసి పెట్టుకుంది, అంతే. పోలండ్‌లో తలుపు తీసినవాళ్లకీ తియ్యనివాళ్లకీ ఉన్న తేడా కూడా ఆ గీత దగ్గరే. పట్టింపు ఎంతన్నది ఎలా చూస్తామో, ఎవరి పట్లన్నదీ అలాగే చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కోసారి మనం నీతి లేదనుకునేది నిజానికి నీతి లేకపోవడం కాదు, ఏ మంచి ముందన్న తేడా. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు మన పక్కనే మైసూరులోనూ, అమెరికాలో న్యూహేవెన్‌లోనూ పిల్లల్నీ పెద్దల్నీ ఒక ప్రశ్న అడిగింది. ప్రాణస్నేహితుడి పెళ్లికి ఉంగరాలు తీసుకెళ్లాల్సినవాడి డబ్బు దార్లో పోయింది. రైలు దాటిపోతే పెళ్లికి అందడు. పక్కనున్నాయన కోటులో టిక్కెట్టు కనిపిస్తోంది, తీసుకోవచ్చా? అమెరికావాళ్లలో ఎక్కువమంది దొంగతనం దొంగతనమే, కూడదన్నారు. మైసూరువాళ్లలో ఎక్కువమంది స్నేహితుడికిచ్చిన మాట తప్పడమే పెద్ద తప్పన్నారు. 1992లో వచ్చిందీ పరిశోధన. రెండు వైపులా పట్టింపు ఉంది. ఒకరికి రూలు ముందు, ఒకరికి మనిషి ముందు.

మన ఇళ్లలో మొగుడూ పెళ్లాల మధ్య వచ్చే సగం గొడవలు ఇవే కదా! తమ్ముడికి ఉద్యోగం సిఫార్సు చెయ్యనన్నందుకు అత్తగారు "రక్తసంబంధం కూడా లేని మనిషి" అంటుంది. సిఫార్సు చేస్తే భార్య "ఇంకొకరి కడుపు కొట్టారు" అంటుంది. ఇద్దరూ నీతి మాటే మాట్లాడుతున్నారు. ఎవరికైనా నీతి లేదని తేల్చేసేముందు, వాళ్లు దేన్ని ముందు పెట్టారో ఒక్కసారి అడిగి చూద్దాం. నా మటుకు నాకు, మనవాళ్ల కోసం ముక్కూమొహం తెలియని ఇంకొకరి వంతు లాక్కోవడం తప్పే. కానీ అది చెప్పేటప్పుడు అవతలివాళ్ల ప్రేమని కూడా గుర్తించి చెబితే వింటారు.

ఇప్పుడు మన ఆడవాళ్ల సంగతికి వద్దాం. చాలా ఇళ్లలో నీతి అన్నమాట ఆడపిల్ల మీదే వాలుతుంది. ఎన్నింటికి వచ్చింది, ఎవరితో మాట్లాడింది, చున్నీ ఎలా వేసుకుంది, ఇవీ ఆరాలు. అదే ఇంట్లో అన్నయ్య స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టినా, పెళ్లామ్మీద చెయ్యెత్తినా అది నీతి లెక్కలోకే రాదు. ఇలా చిన్నప్పట్నించీ నీతిని కర్రలా ఎత్తి చూపిస్తుంటే పెరిగిన ఆడపిల్ల పెద్దయ్యాక ఆ మాట వింటేనే మొహం తిప్పేసుకుంటే తప్పు ఆ పిల్లదా? గురజాడవారు 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలోనే ఈ సంగతి మన ముందు పెట్టారు. సంస్కరణ గురించి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసాలిచ్చేది గిరీశం. సుబ్బి అనే పసిపిల్లని ముసలి లుబ్ధావధానులుకి కట్టబెట్టకుండా ఆపడానికి సాయపడింది వేశ్య అయిన మధురవాణి. ఊరు ఎవర్ని వెలివేసిందో ఆమెకే ఆ పసిపిల్ల గోడు పట్టింది. ఒంటి చుట్టూ మాత్రమే తిరిగే కొలత నీతిని కొలవదు చెల్లీ. అబద్ధం, మోసం, క్రూరత్వం, అన్యాయం, ఇవి ఆడా మగా ఇద్దరికీ ఒకే కొలతతో చూసిన ఇంట్లో పిల్లలకి నీతంటే గౌరవం పుడుతుంది.

పెంపకం, స్వభావం సరే, రోజువారీ బతుకు కూడా మన పట్టింపుని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. 1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు ఓ పరీక్ష పెట్టారు. మతబోధకులు కావడానికి చదువుతున్న కుర్రాళ్లని పక్క భవనానికి వెళ్లి ప్రసంగించమని పంపారు. కొందరికైతే దారిలో పడున్నవాడిని ఆదుకున్న మంచివాడి గురించి బైబిల్లో ఉన్న కథే ప్రసంగించమన్నారు. దార్లో ఓ మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగి పలకరించారు. ఆలస్యమైపోయింది పరుగెత్తు అని చెప్పినవాళ్లలో ఆగింది 10 శాతమే. ఏ కథ చెప్పబోతున్నారన్నది పెద్దగా తేడా తేలేదు, తొందర తేల్చింది. పొద్దున్నే బస్సు, టిఫిను, యూనిఫారం, ఫీజు, ఈఎమ్‌ఐ అని పరుగులు పెట్టే మన బతుకుల్లో, పక్కవాళ్ల కష్టం కనపడకుండా పోవడం వెనక ఎంత తొందర ఉందో ఆలోచించు. ఊపిరాడని మనిషిని నీతి లేదనేముందు ఊపిరి తీసుకోనిచ్చామా అని చూడాలి.

తోడు కూడా అంతే. నలుగురితో పాటు నారాయణా అన్నారు మనవాళ్లు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో 2001లో అచ్చయిన ఓ పరిశోధనలో, అందరి కోసం డబ్బు కలిపి వెయ్యాల్సిన ఆట ఆడించారు. దాదాపు సగం మంది, మిగతావాళ్లు ఎంత వేస్తే తామూ అంత వేస్తామన్న పద్ధతిలో నడిచారు. సుమారు మూడోవంతు ఎవరు వేసినా తాము వెయ్యలేదు. అంటే మన చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది మంచివాళ్లూ కాదు, చెడ్డవాళ్లూ కాదు, ఎటు గాలి వీస్తే అటు. పదో తరగతి పరీక్షల్లో కిటికీలోంచి స్లిప్పులు విసిరే నాన్నలందరూ దుర్మార్గులా? పక్కవాడి పిల్లకి అందుతున్నాయి, మన పిల్ల వెనకబడిపోతుందని భయం. ఒక్క గదిలో ఒక్క మాస్టారు గట్టిగా నిలబడితే ఆ గదంతా మారిపోతుంది. ఆ గాలిని తిప్పేవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిలో మనం ఉండొచ్చు.

ఇంకొక్క మాట. నిజాయితీ అందరికీ ఒకే ఖరీదుకి దొరకదు. నెల మొదటి తారీకున జీతమొచ్చే మనం దొరికిన అయిదువందలు తిరిగిచ్చేస్తే మనకి పోయేదేమీ లేదు. ఆ అయిదువందలతో వారం గడిచే మనిషి తెచ్చిచ్చిందంటే, ఆమె ఆ పూట కడుపు కట్టుకుని ఇచ్చినట్టు. అందుకే పేదవాళ్ల నిజాయితీని "అబ్బో, ఎంత మంచిదో!" అని వింతలా చెప్పుకోవడం కాదు, చేతులు జోడించాలి. ఎగువన ఉండి కూడా గడ్డి కరిచేవాళ్లని ఇంకాస్త గట్టిగా నిలదియ్యాలి.

ఇంత చెప్పుకున్నాం కదా, మరి మన చేతిలో ఏముంది? చాలా ఉంది. పిల్లలు తప్పు చేసినప్పుడు చెయ్యెత్తకుండా, ఎవరికి నొప్పి కలిగిందో కూర్చోబెట్టి చెబుదాం. చిన్నదైనా సరే ఒక బాధ్యత వాళ్లకి నిజంగా అప్పగిద్దాం. నిజం చెప్పి దొరికిపోయిన పిల్లని తిట్టే ముందు, నిజం చెప్పినందుకు దగ్గరికి తీసుకుందాం. మనింట్లో పనిచేసే అమ్మాయికి మనం తాగే గ్లాసులోనే టీ ఇద్దాం, జ్వరమొచ్చిన రోజుకి జీతం కొయ్యకుండా ఉందాం. పిల్లలు మన నోటిమాటకంటే ముందు ఇవే చూస్తారు. కొడుక్కీ కూతురికీ ఒకే కొలత పెడదాం. వారంలో ఒక్క పూటయినా, దారిలో ఎవరైనా కూలబడితే ఆగగలిగినంత తీరిక మనకీ ఇంట్లోవాళ్లకీ మిగుల్చుకుందాం.

చివరగా నీ దగ్గర ఒక్క మాట తీసుకుంటాను చెల్లీ. మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి ఉద్యోగం చెప్పగానే, "పై సంపాదన ఏమాత్రం ఉంటుందండీ?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కన పిల్లలు వింటూ ఉంటారు. నీతి ఎంతకి అమ్ముడుపోతుందో ఆ ప్రశ్నతోనే వాళ్లకి నేర్పేస్తున్నాం. ఆ ప్రశ్న ఎవరు అడిగినా నువ్వు ఊరుకోకు. "అలాంటి డబ్బు వచ్చే ఇంటికి మా పిల్లని ఇవ్వం" అని అందరి ముందూ చెప్పు. అది మన ఇంటి ఆడవాళ్ల నోట వచ్చిన రోజున, మగవాళ్లూ పిల్లలూ అందరూ వింటారు.